మిద్దె మీద వాలిన మనోవర్తి

ఆ శుక్రవారం పొద్దున మహబూబున్నీసా వేసుకున్న పథకం చాలా చిన్నది. నిజాం రాజ్యంలో శుక్రవారం అదాలతుకు సెలవు. అదాలతుకు సెలవైతే వకీలు ఇంట్లో ఉంటాడు. ఇంట్లో ఉన్న వకీలును పట్టుకుని, అర్జీ మీద సంతకం పెట్టించుకుని, మధ్యాహ్నం నమాజు వేళకు తిరిగొచ్చి వదినకు ఉల్లిగడ్డలు కోసిపెట్టాలి. ఇందులో తప్పిపోవడానికి ఏముంటుందని ఎవరైనా అనుకుంటారు. ఆమె కూడా అలాగే అనుకుంది, పాపం.

భర్త దస్తగీర్ మీద ఆమె ఖులా దావా వేసి ఏడాది కావస్తోంది. ఖులా అంటే ఆడమనిషి తనంతట తాను కోరే విడాకులు. దావా తేలేలోపు ఆమె తిండికీ బట్టకూ మొగుడు వారం వారం ఇంతని ఇచ్చుకోవాలి. మనోవర్తి అన్నమాట. ఉర్దూలో నఫ్కా అంటారు. దానికి వేరే అర్జీ పెట్టాలి. ఆ అర్జీ రాయించి వకీలు అజ్మత్ అలీ బల్ల మీద పెట్టాక రంజాన్ వెళ్లింది, బక్రీదు వెళ్లింది, మొహర్రం పీర్లు కూడా ఊరేగి వెళ్లాయి. అర్జీ మాత్రం అదాలతు గడప తొక్కలేదు.

ఆమె తలదాచుకున్నది శాలిబండ సందులో అన్న తాహిర్ ఇంట్లో. తాహిర్ టాంగా తోలుతాడు. యుద్ధం పుణ్యమా అని గుర్రం తినే గడ్డికీ మనుషులు తినే జొన్నలకూ ఒకేసారి రెక్కలొచ్చాయి. తాహిర్ భార్య ఖదీజా నోటితో ఒక్క మాట అనేది కాదు. అన్నం వడ్డించేటప్పుడు గరిటెతో గిన్నె అడుగు గీకేది, అంతే. ఆ గీకుడు తట్టుకోలేకే తాహిర్ నిన్న రాత్రి తలొంచుకుని ఒక మాట చెప్పాడు.

"చెల్లే, కొత్త నెలవంక కనబడేదాక చూస్త. గప్పటికి గూడ నఫ్కా రాకుంటే, టాంగా కట్టి నేనే నిన్ను దస్తగీర్ ఇంట్ల దింపొస్త. తిట్టుకుంటవో, శాపం పెడ్తవో నీ ఇష్టం."

ఆమె తిట్టలేదు. తిడితే తిరిగి తిట్టే రకమైతే తిట్టవచ్చు గానీ, తాహిర్ లాంటి మెత్తటి మనిషిని తిట్టి ఏం లాభం? దస్తగీర్ ఇంటికి మళ్లీ పోవడం మాత్రం ఆమె వల్ల కాదు. కాబట్టి తెల్లారగానే బురఖా వేసుకుని బయలుదేరింది.

నిజం చెప్పాలంటే దస్తగీర్ చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యి చేసుకోడు. లక్క గాజులు చేయడంలో అతనికి పేరుంది. అతని రోగమల్లా పావురాలు. సాయంత్రం మిద్దె ఎక్కి వాటిని ఎగరేసి నలుగురి చేత శభాష్ అనిపించుకోవడం అతని పని. పొద్దున్నే గూళ్లు కడిగి, నీళ్లు పెట్టి, రేకు డబ్బా మీద గరిటెతో దరువు వేసి గింజలు జల్లడం ఆరేళ్లుగా మహబూబున్నీసా పని. ఆ దరువు అలవాటైన పావురాలు దస్తగీర్ ఎంత ఈల వేసినా ఒకసారి ఆలోచించుకుని గానీ దిగేవి కావు. ఆమె డబ్బా మోగితే ఆలోచన అనేది ఉండేది కాదు.

పోయినేడు ఆమెకు పెద్ద జ్వరం వచ్చింది. తగ్గాక, రోజూ ఇన్ని బాదం పప్పులు నెయ్యితో నూరి తినిపించమన్నాడు హకీం. ఆ సాయంత్రమే దస్తగీర్ బాదం పొట్లం తెచ్చి గోడ గూట్లో పెట్టాడు. అది చూసి మహబూబున్నీసా గోడవైపు తిరిగి ఏడ్చింది. ఆరేళ్లకు తన మీద దయ కలిగింది గదా అని ఏడ్చింది. తెల్లారి గోడలు పట్టుకుని మిద్దె ఎక్కితే ఏముంది? మొగుడు బాదం పప్పు నెయ్యితో నూరి ఉండలు చేసి ఒక్కో పావురం నోట్లో ఒక్కో ఉండ ముద్దుగా పెడుతున్నాడు.

"నీకు జ్వరం తగ్గింది గదా! వీటికి రేపు పోటీ ఉన్నది," అన్నాడు, ఇంత చిన్న సంగతి ఈమెకు ఎందుకు తెలియడం లేదా అన్నట్లు.

ఆమె కిందికి దిగి, బురఖా తగిలించుకుని, అన్న ఇంటికి నడిచి వచ్చేసింది.

మొఘల్‌పురాలో వకీలు ఇంటి గుమ్మం దగ్గర మున్షీ కూర్చుని కలం పుల్లతో చెవి గోక్కుంటున్నాడు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"వకీల్ సాబ్ లేరమ్మా. అదాలతుకు పోయిండ్రు."

"ఇయ్యాల జుమ్మా గద మున్షీజీ! అదాలతుకు తాళమేసి ఉంటది."

మున్షీ ఒక్క క్షణం తడబడ్డాడు గానీ పాతికేళ్ల సర్వీసు ఊరికే పోదు. "అవునవును. ఒంట్ల బాగలేదని పండుకున్నరు."

సరిగ్గా అప్పుడే మిద్దె మీదినుంచి "ఆవ్! ఆవ్! ఆఆవ్!" అని సందు మొత్తం అదిరేలా కేక వినబడింది.

"ఒంట్ల బాగలేనోళ్లు గిట్ల ఒర్లుతరా?"

"నొప్పులమ్మా," అన్నాడు మున్షీ, జాలిగా.

ఇంతలో జనానా వైపు తెర కదిలింది. వకీలు భార్య ఖైసర్ బేగం తల బయటపెట్టి, "ఆయనకు నొప్పులు నిజమే. అవి పావురాల నొప్పులు. నువ్వు లోపలికి రా బేటీ," అని పిలిచింది. లోపల కూర్చోబెట్టి, చాయ్ పోసి, ఆమె ఎవరో ఏం పని మీద వచ్చిందో కనుక్కుంది. దస్తగీర్ పేరు వినగానే చేతిలో చాయ్ గిన్నె కింద పెట్టేసింది.

"హాయ్ అల్లా! లక్క గాజుల దస్తగీర్ బీబీవా నువ్వు? మరి నీకేం తెల్వదా?"

"ఏం తెల్వాలె బేగం సాహెబా?"

"మా ఆయనకు నల్లతోకది ఒక తెల్ల పావురం ఉండె. నేను ఈ ఇంట్ల ఉన్ననో లేనో చూడడు గానీ దాన్ని దినాం రెండుసార్లు పేరు పెట్టి అడుగుతడు. రంజాన్ నెలల అది తప్పిపోయి నీ మొగని మిద్దె మీద వాలింది. ఎవరి పిలుపుకు వాల్తే వాళ్లదేనంట గద! ఈయన కబురు పంపిండు. నల్లతోకను వాపస్ ఇస్తే, నీ పెండ్లాం నఫ్కా అర్జీ అదాలతుకు పోకుంట ఆపుత అని."

మహబూబున్నీసా కూడా చాయ్ గిన్నె కింద పెట్టేసింది. "మరి గాయన వాపస్ ఇచ్చిండా?"

"ఇస్త ఇస్త అంటుండు. ఆయన ఈయనకు తారీఖులు ఇస్తుండు, ఈయన నీకు తారీఖులు ఇస్తుండు," అంది ఖైసర్ బేగం. "నాకైతే నలుగురి నడుమ తల ఎత్తుకోబుద్ధి అయితలేదు బేటీ."

మూడు పండుగలపాటు ఒకరి అన్నం గిన్నె వైపు చూడకుండా తల దించుకుని తిన్నది ఒక్క పావురం కోసమా? మహబూబున్నీసా ఒళ్లు మండిపోయింది. మిద్దె మెట్లు ఎటని అడిగింది. ఖైసర్ బేగం సంతోషంగా దారి చూపించింది. అంతేకాదు, తమాషా చూడటానికి తను కూడా వెనకే ఎక్కింది.

మిద్దె మీద వకీలు అజ్మత్ అలీ చేతిలో పొడుగాటి వెదురుకర్ర, దాని కొసకు కట్టిన ఎర్రగుడ్డ ఊపుతూ, తల పూర్తిగా వెనక్కి వంచి ఆకాశంతో మాట్లాడుతున్నాడు. పైన అతని పావురాలతో పాటు మరో గుంపు కూడా తిరుగుతోంది. మహబూబున్నీసా వాటిని చూడగానే గుర్తుపట్టింది. ఆరేళ్లు సాకిన పిట్టలు గదా. మధ్యలో ఒక తెల్లది, తోక మాత్రం నల్లగా, తనకు కొత్త.

"వకీల్ సాబ్!" అని పిలిచింది. వినబడలేదు. "వకీల్ సాబ్! నా అర్జీ ఏమాయె?" అని అరిచింది. వకీలు వెనక్కి తిరక్కుండానే, "వచ్చే పేషీకి, వచ్చే పేషీకి," అని చెయ్యి ఊపాడు.

ఆ చెయ్యి ఊపడంతో ఆమెకు కోపం ఆగలేదు. పక్కనే పిట్టగోడ మీద గింజల డబ్బా, అందులో ఒక గరిటె ఉన్నాయి. గరిటె అందుకుని డబ్బా మీద కసిదీరా కొట్టింది. ఠన్, ఠన్ అని రెండు నిదానంగా, ఠఠఠన్ అని మూడు గబగబా. కోపంలో కొట్టినా చేతికి వచ్చింది ఆ ఒక్క దరువే మరి.

ఏడాదిగా వినని దరువు అది. పైన తిరుగుతున్న దస్తగీర్ గుంపు ఒక్కసారి రెక్కలు ముడిచి, గుప్పున జల్లు కురిసినట్లు వచ్చి ఆమె చుట్టూ వాలింది. గుంపుతో పాటు నల్లతోక కూడా వాలింది. ఒకటి భుజమెక్కింది, ఇంకొకటి బురఖా కొస పట్టి లాగింది. మహబూబున్నీసా కోపం ఎటు పోయిందో గానీ కళ్లలో నీళ్లు మాత్రం తిరిగాయి. ఎవరు తలుచుకున్నా తలుచుకోకపోయినా ఇవి తనను తలుచుకున్నాయి.

వకీలుకు అలాంటి సున్నితాలేవీ లేవు. కర్ర పారేసి, వల లాగి, గుంపు మొత్తాన్నీ కప్పేసి, నల్లతోకను పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు.

"బేటీ! నువ్వు ఏం గావాల్నో అడుగు! దస్తగీర్ కబూతర్‌ఖానా మొత్తం నా మిద్దె మీద! అడుగు, ఏం గావాలె?"

"నఫ్కా అర్జీ."

"రేపే!" అన్నాడు వకీలు. ఆ మాట ఆమె అంతకుముందు కూడా విని ఉంది.

పాతబస్తీలో మిద్దె మీద జరిగింది సందులోకి దిగడానికి మెట్లు అక్కర్లేదు. దస్తగీర్ పావురాలు వకీలు మిద్దె మీద పడ్డాయన్న వార్త పాన్ దుకాణం దగ్గరికి చేరేసరికి, వాటితో పాటు దస్తగీర్ పెళ్లాం కూడా వకీలు ఇంట్లోనే ఉన్నదన్న సంగతి కలిసింది. చార్‌కమాన్ చేరేసరికి, వకీలు ఆమెను నిఖా చేసుకుంటున్నాడనీ, పావురాలు కట్నం కింద వచ్చాయనీ ఖాయమైంది. టాంగాల అడ్డా దగ్గర తాహిర్ చెవిన పడేసరికి నిఖా అయిపోయి షర్బతు కూడా పంచారు.

అందరికంటే ముందు దస్తగీర్ ఊడిపడ్డాడు. చేతులకు లక్క అంటుకుని ఉంది, జనం వెనక ఉన్నారు. గుమ్మం ముందు నిలబడి గుండెలు బాదుకున్నాడు.

"ఓ వకీల్ సాబ్! నా పెండ్లాన్ని తీస్కపోయినవ్, సరే! పాపం, ఖుదా చూస్కుంటడు! కానీ నా పావురాలను ఎట్ల తీస్కపోతవయ్యా?"

తెర వెనక నిలబడి ఈ మాట విన్న మహబూబున్నీసాకు ఖులా అడగడంలో తను తొందరపడలేదని పూర్తిగా నమ్మకం కుదిరింది.

అప్పుడే తాహిర్ టాంగా జనాన్ని చీల్చుకుంటూ వచ్చి ఆగింది. దిగీ దిగడంతోనే, "మా చెల్లెను నిఖా జేస్కుంటే నాకు కబురన్న పంపొద్దా?" అని వకీలును నిలదీశాడు. వకీలుకు అప్పటిదాకా తను పెళ్లికొడుకునన్న సంగతి తెలియదు. ఆయన నోరు తెరిచేలోపే మిద్దె మీదినుంచి ఖైసర్ బేగం గొంతు వినబడింది.

"తీస్కపోండ్రి! ఆయనను ఎవరైన తీస్కపోండ్రి! పావురాలను గూడ తీస్కపోతనంటే చేతికి ఎదురు డబ్బులిస్త!"

లొల్లి పెరిగి పెద్దదైంది. దస్తగీర్ వైపు నలుగురు, వకీలు వైపు నలుగురు, ఎటు ఉండాలో తెలియక గట్టిగా అరిచేవాళ్లు మిగతా అందరూ. చివరికి ఎవరో పెద్దమనిషి, "ఉస్తాద్‌ను పిలువుండ్రి," అన్నాడు. పావురాల తగువులు అదాలతుకు పోవు. గుడిమల్కాపూర్ పూలతోటల దుర్గయ్య దగ్గరికి పోతాయి. ఆయన చిన్నప్పటినుంచి పావురాలు ఎగరేసినవాడు. పాతబస్తీ మిద్దెలన్నిటి మీదా ఆయన మాటే ఆఖరు మాట. తాహిర్ టాంగాలోనే వెళ్లి ఆయన్ను ఎక్కించుకొచ్చారు.

దుర్గయ్య మిద్దె ఎక్కి, మోడా మీద కూర్చుని, మూతి తుడుచుకుని, "ఎవరు పిలిస్తే వాలినయ్?" అని అడిగాడు.

"నేనే," అన్నాడు వకీలు. "నా మిద్దె, నా డబ్బా, నా గరిటె."

"గరిటె సంగతి నేనడగలే సాబ్. వల ఇప్పుండ్రి. మళ్ల పిలువుండ్రి."

వల విప్పారు. గుంపు గిర్రున లేచింది. వకీలు గొంతు బొంగురుపోయేదాకా "ఆవ్ ఆవ్" అన్నాడు. రెండో మూడో అతని సొంత పావురాలు మొహమాటానికి దిగాయి. దస్తగీర్ రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. గుంపు ఒకసారి అటు వంగి, ఆలోచించుకుని, మళ్లీ పైకి లేచింది. నల్లతోక అయితే వకీలు వైపు చూడను కూడా చూడలేదు. ఆయనకు అది చాలా కష్టమనిపించింది.

"మరి ఎవరి పిలుపుకు వాలినయ్ గివి?" అన్నాడు దుర్గయ్య.

ఖైసర్ బేగం గరిటె తెచ్చి మహబూబున్నీసా చేతిలో పెట్టింది. ఆమె మెట్ల తలుపు చాటున నిలబడే దరువు వేసింది. గుంపు మొత్తం తలుపు ముందు వచ్చి పడింది. దుర్గయ్య నవ్వుకున్నాడు.

"అయిపాయె. పిలిచినోళ్ల సొత్తు. పావురాలు గీ బిడ్డవి."

దస్తగీర్ మొహం వెలిగిపోయింది. "సలామత్ ఉండు ఉస్తాద్! ఆమె నా పెండ్లాం. ఆమెవంటే నావే గద!" అని వల అందుకోబోయాడు.

అంతే. వకీలు అజ్మత్ అలీ ఒక్క దూకున అడ్డం వచ్చాడు. నల్లతోక మళ్లీ దస్తగీర్ ఇంటికి పోతుందన్న ఆలోచన ఆయనలో ఎన్నాళ్లనుంచో నిద్రపోతున్న వకీలును తట్టి లేపింది.

"చెయ్యి తియ్! పెండ్లాం సొత్తు పెండ్లాందే! దాని మీద మొగనికి గవ్వంత హక్కు లేదు, ఏ ఖాజీనన్న అడుగు! పైగా మొగడన్నోడే పెండ్లాన్ని సాకాలె. ఏడాదిసంది ఆమెకు పిడికెడు జొన్నలు ఇచ్చినవా? బట్ట ఇచ్చినవా? తిండి పెట్టనోనివి, పెండ్లామని ఏ నోటితోని అంటున్నవ్? ఆమె తిని పండుకుంటున్నదో, తినక పండుకుంటున్నదో ఎన్నడన్న అడిగినవా?"

ఇలా ఊపిరి తిప్పుకోకుండా దంచేశాడు. జనంలో ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. మున్షీ అయితే తన యజమాని ఇంత బాగా వాదించగలడని మొదటిసారి తెలుసుకుని బిత్తరపోయాడు. తలుపు చాటున మహబూబున్నీసాకు కూడా గుండె నిండిపోయింది. ఇదే మాట అదాలతులో అని ఉంటే ఎప్పుడో రంజాన్‌లోనే తేలిపోయేది గదా అనిపించి, నిండిన గుండె మళ్లీ మామూలైంది.

"సరే," అన్నాడు దుర్గయ్య. "పద్ధతి అందరికీ ఎరుకే. పోగొట్టుకున్నోడు విడిపించుకోవచ్చు. ఏమిస్తే విడుస్తవ్ బిడ్డా?"

లోపలినుంచి మహబూబున్నీసా నిదానంగా చెప్పింది. "ఒక్క పావురానికి ఒక్క వారం ఖర్చు. నా అర్జీల ఎంత రాసి ఉన్నదో గంతే. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు."

"అర్జీ తెండ్రి," అన్నాడు దుర్గయ్య.

మున్షీ కిందికి పరుగెత్తాడు. బల్ల వెతికాడు, బీరువా వెతికాడు, వకీలు కోటు జేబులు కూడా వెతికాడు. చివరికి ఏమీ తోచక మిద్దె ఎక్కి, వకీలు చెవిలో ఏదో అడిగాడు. వకీలు నేల చూపులు చూస్తూ పావురాల గూళ్ల వైపు వేలు చూపించాడు. మూడో గూట్లో, రెండు గుడ్ల కింద, మెత్తగా పరిచి ఉంది నఫ్కా అర్జీ. గుడ్ల మీది తల్లిని ఒప్పించి దాన్ని బయటికి లాగడానికి కాస్త సమయం పట్టింది. పావురాలు తమకు తోచిన ముద్రలన్నీ అప్పటికే దాని మీద వేసి ఉన్నాయి. ఆ ముద్రల మధ్యనుంచి అక్షరాలు ఏరుకుంటూ వకీలు చదవాల్సి వచ్చింది. అలా ఆ అర్జీ మొదటిసారి నలుగురి ముందు విచారణకు వచ్చింది.

"విడిపించుకునేదాక వీటి తిండి ఎవరిది?" అని అడిగాడు తాహిర్. గుర్రాన్ని మేపేవాడికి ముందు అదే గుర్తొస్తుంది.

"అసలు యజమానిదే. దస్తగీరే సజ్జలు పంపాలె. నోరులేని జీవాలు, ఉపాసం పండవెట్టొద్దు," అని దుర్గయ్య లేచాడు.

"పావురాల నఫ్కా ఒక్క మాటల తేలిపాయె," అంది మహబూబున్నీసా. తలుపు చాటునే అన్నా అందరికీ వినబడింది.

ఆమె మధ్యాహ్నం నమాజు వేళకు ఇంటికి చేరలేదు. సూర్యుడు దిగాక చేరింది. టాంగా నిండా బుట్టలు, బుట్టల నిండా పావురాలు. గుమ్మంలో ఖదీజా నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"తినే నోర్లు ఇంట్ల తక్కువైనయని తెచ్చినవా?"

"వీటి తిండి వీటి ఎంబడే వస్తది వదినా," అంది మహబూబున్నీసా. అన్నట్లే తెల్లారి సజ్జల మూట వచ్చింది. ఆ వెనకే దస్తగీర్ వచ్చాడు. వారం ఖర్చు గడప మీద పెట్టి, తన గుంపులో అన్నిటికన్నా గొప్పదైన షహజాదాను విడిపించుకుపోయాడు. ఖదీజా ఆ డబ్బు వైపు చూసింది, ఆడబిడ్డ వైపు చూసింది. ఆ రోజు అన్నం వడ్డిస్తుంటే గరిటె చప్పుడు వినబడలేదు.

దస్తగీర్ బుద్ధిగా షహజాదాను గూట్లో పెట్టుకుని ఉంటే కథ వేరేగా ఉండేది. కానీ పావురం చేతిలో ఉండగా ఎగరేయకుండా ఉండటం అతని వల్ల అయ్యే పని కాదు. ఎగరేశాడు. శాలిబండ సందులో డబ్బా మోగింది. షహజాదా తాహిర్ మిద్దె మీద దిగింది. మళ్లీ వారం ఖర్చు, మళ్లీ విడుదల. ఇంకోదాన్ని విడిపించుకుంటే అదీ అంతే. దస్తగీర్ ఈల మార్చి చూశాడు, డబ్బా కొని చూశాడు, బాదం ఉండలు కూడా పెట్టి చూశాడు. బాదం తిన్నవి మరింత హుషారుగా వెళ్లిపోయాయి.

నెలవంక కనబడింది. తాహిర్ ముఖం వేలాడేసుకుని, అన్న మాట ప్రకారం టాంగా కట్టాలేమో అన్నట్లు కళ్లెం చేతిలోకి తీసుకున్నాడు. ఖదీజా ఆ కళ్లెం లాక్కుని మేకుకు తగిలించింది.

"ఎక్కడికి తోల్కపోతవ్ నా ఆడబిడ్డను? జర సిగ్గుండాలె!"

వకీలుకు మాత్రం నిద్ర లేదు. నల్లతోక ఇప్పుడు తాహిర్ మిద్దె మీద ఉంది. మున్షీతో కబురు పంపితే మహబూబున్నీసా ఒకటే చెప్పింది. అర్జీ దాఖలు చేయండి, హుకుం తెచ్చి ఇవ్వండి, పావురాన్ని తీసుకుపోండి. మూడు పండుగలు కదలని అర్జీ, కొత్త కాగితం మీదికెక్కి, మర్నాడే అదాలతు చేరింది. వారం తిరగకుండా విచారణకు కూడా వచ్చింది.

దస్తగీర్ తరఫు వకీలు తెలివిగలవాడు. తన మనిషి పెళ్లాన్ని ఆకలికి వదిలేశాడన్నది అబద్ధమనీ, వారం వారం ఆమెకు ఖర్చు ముట్టజెబుతూనే ఉన్నాడనీ చెప్పి, సాక్ష్యానికి సాక్షాత్తు ఉస్తాద్ దుర్గయ్యనే నిలబెట్టాడు. జడ్జి గారు చాలా సంతోషించారు. ఎవరూ అడగకుండానే ఇంత ఇస్తున్న మొగుణ్ణి తన సర్వీసులో చూడలేదన్నారు. దావా తేలేదాకా ఆ మొత్తాన్నే తప్పకుండా ఇస్తూ ఉండమని హుకుం రాసిపారేశారు. ఇప్పుడు దస్తగీర్ హుకుం ప్రకారం ఒక వారం ఖర్చు, పావురం ప్రకారం ఇంకో వారం ఖర్చు ఇచ్చుకోవాలి.

అప్పటిదాకా ఖులా మాటెత్తితే ససేమిరా అన్న దస్తగీర్‌కు ఇప్పుడు తెగ తొందర పట్టుకుంది. విడాకులు అయిపోతే నఫ్కా ఆగిపోతుంది. ఈ పేషీలోనే తేల్చేయమని అదాలతు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. అజ్మత్ అలీ వచ్చి తెర ఇవతల కూర్చుని అడిగాడు.

"గాయన ఒప్పుకుంటుండు బేటీ. ఏం జెయ్యాలె?"

"మీకు చేతనైందే చెయ్యుండ్రి వకీల్ సాబ్," అంది మహబూబున్నీసా. "తారీఖులు తీసుకోండ్రి. ఆరేండ్లు ఆయనింట్ల నేను ఎదురుచూసిన. ఆయనను గూడ జరంత చూడనియ్యుండ్రి."

ఏడాదిగా ఆమెను ఏడిపించిన విద్య ఆమెకు ఇంతగా పనికొస్తుందని వకీలు కూడా అనుకోలేదు. ఒప్పుకున్నాడు. ఆమె మాట ప్రకారం నల్లతోకను బుట్టలో పెట్టి ఇచ్చింది. దాన్ని గుండెకు హత్తుకుని ఇంటికి పట్టుకెళ్లి, ఆ సాయంత్రం దాకా కూడా ఆగలేక ఎగరేశాడు.

మర్నాడు పొద్దున్నే తాహిర్ ఇంటి గుమ్మం ముందు వకీలు అజ్మత్ అలీ స్వయంగా నిలబడి, చేతిలో ఖాళీ బుట్టతో గొంతు సవరించుకున్నాడు. ఖదీజా తలుపు సందులోంచి చూసింది.

"మా ఆడబిడ్డ ఇంట్ల లేదు సాబ్. అదాలతుకు పోయింది."

మిద్దె మీద డబ్బా మోగుతోంది. ఆ రోజు శుక్రవారం.